పెనం మీద ఎర్రకారం పిజ్జా

ఉదయం పలహారానికి ఇంట్లోనే పిజ్జా చేసుకునేవారు సీసా సాసుకు బదులుగా మన కడప కారం దోసెకు పూసే ఎర్రకారాన్నే వాడితే, చిన్నప్పుడు పొయ్యి పక్కన కూర్చుని తిన్న రుచి మళ్ళీ నాలుకకు అందుతుంది. పావుకిలో మైదాకు అర టీస్పూను ఈస్టు, కాస్త ఉప్పు, సుమారు 150 మిల్లీలీటర్ల నీళ్ళు చేర్చి రాత్రే పిండి కలిపి ఫ్రిజ్‌లో ఉంచాలి. మన ఎండాకాలపు వేడికి బయట వదిలేస్తే తెల్లవారేసరికి మరీ పులిసిపోతుంది. నానిన ఎండుమిరపకాయలు, ఉల్లిపాయ, వెల్లుల్లి, ఉప్పు కలిపి నీళ్ళు పోయకుండా గట్టిగా నూరుకోవాలి, ఎందుకంటే పలుచని కారం రొట్టెను మెత్తబరుస్తుంది.

అసలు మెలకువ గుడ్డు దగ్గర ఉంది. ఇనుప పెనం మీద రొట్టెను ఒక వైపు దోరగా కాల్చి, తిరగేసి, కాలిన వైపున కారం పూసి, అంచు చుట్టూ చీజ్ తురుమును గట్టులా పేర్చి, నడుమ గుడ్డు కొట్టి పోస్తే సొన బయటికి జారదు. వెంటనే మూత పెట్టి సన్నని సెగ మీద ఉంచితే ఆవిరికే తెల్లసొన గట్టిపడుతుంది, పచ్చసొన మాత్రం మెత్తగానే మిగులుతుంది. దించాక పైన పప్పుల పొడి చల్లుకోవడం, నా దృష్టిలో, తప్పనిసరి.