లెక్క తెలుసు, ప్రోగ్రామ్ రావడం లేదు: పుట్ల లెక్కతో సమస్య - పరిష్కారం

నెల్లూరు వైపు వడ్లు పుట్ల లెక్కన అమ్ముతారు. పుట్టి అంటే 850 కిలోలు. రెండు లోడ్ల బరువు తీసుకుని మొత్తం ఎన్ని పుట్లు, పైన ఎన్ని కిలోలో చెప్పే ప్రోగ్రామ్ పైథాన్‌లో రాయండి. కొత్తవాళ్లకు ఎదురయ్యే తంటాలు చాలావరకు ఇందులోనే బయటపడతాయి.

సమస్య: వీడియో చూస్తే అంతా అర్థమవుతుంది. సొంతంగా రాయబోతే ఒక్క లైనూ రాదు.

కారణం: వీడియోలో ఆలోచన వాళ్లు చేసేశారు, మీరు చూశారంతే.

పరిష్కారం: ల్యాప్‌టాప్ మూసి కాగితం తీయండి. ‘మిగిలినవి’, ‘పుట్లు’ అని రెండు గడులు గీయండి. రెండు లోడ్లు 1200, 800 కిలోలు అనుకుంటే మొత్తం 2000. మొదట 2000, 0. ఒక పుట్టి తీస్తే 1150, 1. ఇంకోటి తీస్తే 300, 2. ఇక తీయలేం. గడుల పేర్లే వేరియబుల్స్, తీసిందే మళ్లీ తీయడం లూప్, ‘ఇక తీయలేం’ అన్నది కండిషన్. ఈ పట్టిక గీయలేనంతవరకు కీబోర్డ్ ముట్టుకోవడం దండగ.

సమస్య: 1200, 800 కలిపితే 1200800 వస్తోంది.

కారణం: ఇన్‌పుట్ ఏది ఇచ్చినా అక్షరాలుగానే వస్తుంది. ప్లస్ వాటిని పక్కపక్కన అతికిస్తుంది.

పరిష్కారం: చదివేచోటే పూర్ణ సంఖ్యలకు వాడే ఇంట్‌తో అంకెగా మార్చండి. 1200.5 లాంటివి ఇస్తే ఇంట్ ఎర్రర్ చూపిస్తుంది, అక్కడ దశాంశాలకు పనికొచ్చే ఫ్లోట్ వాడాలి.

సమస్య: ప్రోగ్రామ్ ఆగడం లేదు.

కంట్రోల్ పట్టుకుని సి నొక్కి ఆపండి. 850 తీసేసే లైను మర్చిపోయి ఉంటారు, లేదా అది ఎడమ అంచుకు జరిగి లూప్ బయట పడి ఉంటుంది. నాలుగు స్పేస్‌లు లోపలికి జరపండి.

సమస్య: 2000కి సరిగ్గా చెబుతుంది, 850 ఇస్తే సున్నా పుట్లు అంటోంది.

అన్నిటిలోకీ మోసకారి ఇదే, ఎర్రర్ కూడా రాదు. కండిషన్‌లో ‘850 కంటే ఎక్కువ’ అని రాశారు. ‘ఎక్కువ లేదా సమానం’ ఉండాలి. ఏ ప్రోగ్రామ్‌నైనా అంచుల దగ్గర పరీక్షించాలి. దీనికైతే 0, 849, 850, 851, 1700 ఇచ్చి చూడండి.

లూప్ కుదిరాక దాన్ని తీసేసి, భాగిస్తే వచ్చే పూర్ణ సంఖ్యనే ఇచ్చే డబుల్ స్లాష్‌తో పుట్లు, శేషం ఇచ్చే పర్సెంట్ గుర్తుతో మిగిలిన కిలోలు రాబట్టండి. ఒక్క స్లాష్ పెడితే 2.35 చిల్లర వస్తుంది. ఆ .35ని 35 కిలోలనుకునేరు, మిగిలింది 300. సి భాషలో మాత్రం రెండూ ఇంట్ అయితే ఒక్క స్లాష్‌కే 2 వస్తుంది.