అందరితో స్నేహమే, మాట మాత్రం వినదు: చిన్న కుక్కని ట్రైనింగ్‌కి తీసుకెళ్తే వచ్చే తంటాలు

మీ కుక్క కరిచే రకం కాదు, భయపడే రకమూ కాదు. ఊళ్లో అందరూ దానికి చుట్టాలే. వచ్చిన చిక్కల్లా చెప్పిన మాట వినదు, అంతే. విజయనగరంలో మా డాష్‌హండ్‌ని (పొడుగు ఒళ్లు, పొట్టి కాళ్ల జాతి) పొద్దున్నే క్లాసుకి తిప్పుతూ గమనించినవి ఇవి. పగ్, పొమేరేనియన్, బీగిల్ ఉన్నవాళ్లకీ చాలావరకు పనికొస్తాయి.

సమస్య: గ్రౌండ్‌లోకి అడుగుపెట్టగానే పక్క కుక్క దగ్గరికి లాక్కెళ్తుంది, చికెన్ ముక్క చూపించినా తల తిప్పదు.

కారణం: దానికి అప్పుడు తిండి అక్కర్లేదు, పలకరింపు కావాలి. పైగా అది లాగిన ప్రతిసారీ మనమూ రెండడుగులు వేస్తాం కదా, లాగితే పనవుతుందని నేర్పుతున్నది మనమే. డాష్‌హండ్ అయితే ఇంకోటి కూడా ఉంది. జర్మనీలో బొరియల్లో దూరి బాడ్జర్ అనే జంతువుని వేటాడటానికి పెంచిన జాతి అది, బొరియలో యజమాని చెప్పేదేం ఉండదు, ఏం చేయాలో అదే తేల్చుకోవాలి, కాబట్టి మనల్ని అడగడం దానికి అలవాటు లేదు.

పరిష్కారం: ముందు దూరం జరగండి. మిగతా కుక్కలు కనిపిస్తున్నా మీ చేతిలోది తింటోందంటే ఆ దూరం సరిపోయినట్టు, తినడం మానేసిందంటే ఇంకా వెనక్కి వెళ్లాలి, గేటు బయటికైనా సరే, మొహమాటపడొద్దు. అక్కడ పేరు పెట్టి పిలవండి. ముందు చెవి కదులుతుంది, తర్వాత మెడ తిరుగుతుంది, కళ్లు మీ మీద పడగానే ముక్క నోట్లో పడాలి. మీరు జేబు తడుముకునే లోపు అది మళ్లీ అటు తిరిగిందనుకోండి, అటు తిరిగినందుకే ముక్క ఇచ్చారని దాని లెక్క. ఉప్పు, కారం, పసుపు, ఉల్లిపాయ ఏమీ లేకుండా ఉడికించిన చికెన్ చాలు, శనగగింజంత ముక్కలు.

అది కుదిరాక అసలు పని మొదలవుతుంది. ఆ పలకరింపునే కూలిగా ఇవ్వండి. తాడు వదులుగా ఉండగా నాలుగడుగులు నడిచి, కూర్చోమంటే కూర్చుందా, "పద, పలకరించు" అని అవతలి లాబ్రడార్ దగ్గరికి మీరే తీసుకెళ్లండి (దాని ఓనరు సరే అంటేనే సుమా). దారిలో తాడు బిగిస్తే ఆగిపోండి, వదులైతేనే అడుగు. ఇలా చేస్తే కుక్కకి అలుసైపోతామనే ట్రైనర్లు ఉన్నారు, నేనైతే ఒప్పుకోను. తాడుని జర్కు ఇచ్చి లాగేవాళ్ల దగ్గరికి చిన్న కుక్కని అసలు తీసుకెళ్లొద్దు, దాని గొంతు సున్నితం. మెడకి కాలర్ బదులు ఛాతీకి తొడిగే హార్నెస్ వాడండి.

సమస్య: ఇంట్లో అన్నీ చేస్తుంది, క్లాసులో ఏమీ రానట్టు ఉంటుంది.

కారణం: నటన కాదు. వంటింటి గుమ్మంలో నేర్చుకున్నది వంటింటి గుమ్మానికే అనుకుంటుంది. దానికితోడు నాన్న "కూకో" అంటారు, పిల్లలు "సిట్" అంటారు, అమ్మ "కూర్చోవే" అని నాలుగుసార్లు అంటుంది.

పరిష్కారం: ఇంట్లో అందరికీ ఒకే మాట, ఒక్కసారే, తర్వాత నోరు మూసుకుని ఆగడం (మా ఇంట్లో కష్టమైంది ఇదే). ఆ తర్వాత మేడ మీద, వీధిలో, పెద్దచెరువు వైపు, చివరాఖరికి గంటస్తంభం రద్దీలో. ప్రతి కొత్త చోటా సులువైన దాంతో మళ్లీ మొదలు.

సమస్య: కూర్చుంటుంది గానీ పడుకోమంటే ససేమిరా.

కారణం చాలాసార్లు నేలే. తడి గడ్డి, చలికాలం మంచు, పల్లేరు ముళ్లు. అంత పొట్టి కాళ్ల కుక్కకి ఇవన్నీ పొట్టకే తగులుతాయి. పాత తువ్వాలు పరిచి, ముక్కని ముక్కు దగ్గర నుంచి ముందు కాళ్ల మధ్యకి మెల్లగా దించండి. నడుం మీద నొక్కొద్దు. డాష్‌హండ్‌లకి వెన్ను డిస్కు జబ్బు ఎక్కువ. నిన్నటి దాకా పడుకున్నది ఇవాళ హఠాత్తుగా మానేసినా, వెనక కాళ్లు తడబడినా అది మొండితనం కాదు, క్లాసు మానేసి వెంటనే పశువుల డాక్టరుకి చూపించండి.

సమస్య: క్లాసు మధ్యలో చతికిలబడి కదలదు.

కారణం: ఎండ, లేదా విసుగు. అరచేతి వెనుక వైపు నేలకి ఆనించి 5 సెకన్లు ఉంచలేకపోతే దాని పాదాలూ ఉండలేవు. పగ్‌లకి ఊపిరాడటమే కష్టం, వేసవిలో తెల్లారగానే అయిపోవాలి. ఒక్కో పాఠం 5 నిమిషాలు చాలు, మధ్యలో నీళ్లు.

సమస్య: మనుషుల మీదికి ఎగబడుతుంది.

చిన్నది కదా అని అందరూ ఎత్తుకుని ముద్దు చేస్తారు, అదే కారణం. నాలుగు కాళ్లూ నేల మీద ఉంటేనే ముట్టుకోవాలని వచ్చినవాళ్లకి ముందే చెప్పండి. కుక్క కన్నా మనుషులకి నేర్పడమే ఆలస్యం, "పర్లేదండీ" అంటూనే ఎత్తేసుకుంటారు.

దసరా తర్వాత మంగళవారం మా ఊళ్లో పైడితల్లి అమ్మవారి జాతర, సిరిమాను సంబరం, ఊరంతా జనమే. ఆ రోజుల్లో ఎంత నేర్చిన కుక్కనైనా ఊరి మధ్యకి తేవద్దు, ప్రాక్టీసు మేడ మీదే పెట్టుకోండి.