చపుల్తెపెక్ కోట, మానవశాస్త్ర మ్యూజియం: సొంత గైడుతో ఒక్క రోజులో చూడాలంటే

మెక్సికో నగరంలోని చపుల్తెపెక్ ఉద్యానంలో కొండమీద కోట ఉంది, కింద జాతీయ మానవశాస్త్ర మ్యూజియం ఉంది. రెంటికీ మధ్య నడక పాతిక నిమిషాలు. ఒక్క రోజులో రెండూ చూడొచ్చు, కాకపోతే మ్యూజియంలో 22 హాళ్లున్నాయి. అన్నీ చూసి తీరాలనుకుంటే నాలుగో హాలుకే కాళ్లు లాగేస్తాయి, ఆ తర్వాత కళ్లముందు ఏముందో కూడా పట్టదు. గైడుకి డబ్బిచ్చేది అన్నీ చూపించడానికి కాదు, ఏవి వదిలేయాలో చెప్పడానికి.

ముందు రోజు ఎంచుకోండి. సోమవారం రెండూ మూసి ఉంటాయి. ఆదివారం మెక్సికో పౌరులకీ అక్కడ నివసించేవాళ్లకీ ప్రవేశం ఉచితం కాబట్టి పిల్లాజెల్లాతో ఊరంతా అక్కడే ఉంటుంది. మంగళవారం నుంచి శుక్రవారం లోపు పెట్టుకోండి.

గైడుని మాట్లాడుకునేటప్పుడు ప్రభుత్వ పర్యాటక శాఖ ఇచ్చే ఫొటో గుర్తింపు కార్డు ఉందా అని అడగండి. గేటు దగ్గర నిలబడి పిలిచేవాళ్లందరికీ అది ఉండదు. కోటకీ మ్యూజియానికీ టికెట్లు వేరు వేరు. చెప్పిన రేటులో రెండూ కలిశాయో లేదో ముందే రాతలో తెప్పించుకోండి, తగాదాలు ఎక్కువగా వచ్చేది ఇక్కడే. మీ గుంపులో ఆరుగురికి మించి ఉంటే ఇద్దరు గైడులు నయం. రద్దీ హాల్లో వెనకవాళ్లకి మాట వినబడదు, వాళ్లు మెల్లగా ఫోన్లలో పడతారు. కొండెక్కలేని పెద్దవాళ్లుంటే పైదాకా తీసుకెళ్లే ఏర్పాటేమిటో కూడా అప్పుడే తేల్చుకోండి.

వరస మాత్రం మార్చొద్దు: పొద్దున కోట, తర్వాత మ్యూజియం. ఈ నగరం సముద్రమట్టానికి 2,240 మీటర్ల ఎత్తున, అంటే తిరుమలకి రెండున్నర రెట్ల ఎత్తున ఉంది. కొండ చిన్నదే అయినా మొదటి రోజుల్లో ఆయాసం వస్తుంది, ఎండెక్కాక మరీ కష్టం. పైగా జూన్ నుంచి సెప్టెంబరు దాకా మధ్యాహ్నాలు వానలు పడతాయి. ఆ వేళకి కోట డాబా మీద కాకుండా మ్యూజియం కప్పు కింద ఉండాలి.

9 గంటలకి కోట తెరుస్తారు. తిండీ నీళ్లసీసాలూ లోపలికి రానివ్వరు, కాబట్టి కింద లాకరులో పెట్టి, కడుపునిండా నీళ్లు తాగి ఎక్కడం మొదలుపెట్టండి. అంతకు ముందు కొండ పాదం దగ్గరున్న ఆరు స్తంభాల స్మారకం దగ్గర ఐదు నిమిషాలు ఆగండి. 1847 సెప్టెంబరు 13న అమెరికా సైన్యం ఈ కోటని పట్టుకుంది. అప్పుడిక్కడ సైనిక కళాశాల ఉండేది. చనిపోయిన ఆరుగురు విద్యార్థుల పేరున ఆ స్తంభాలు నిలబెట్టారు. వారిలో ఒకరు జెండాని ఒంటికి చుట్టుకుని కొండమీంచి దూకారని చెబుతారు. చరిత్రకారులు దాన్ని రుజువైన సంగతిగా కాక గాథగా చూస్తారు. మంచి గైడు రెండు మాటలూ చెబుతాడు. ఆ గాథనే గాబ్రియెల్ ఫ్లోరెస్ కోట పైకప్పు మీద చిత్రించాడు, తలెత్తి చూడకపోతే తప్పిపోతుంది.

పేరుకి కోటే గానీ గోల్కొండలా బురుజులూ కందకాలూ ఊహించుకోవద్దు. 1785లో స్పెయిన్ రాజప్రతినిధి విడిదిగా కట్టడం మొదలైంది. 1864 నుంచి, ఫ్రెంచి సైన్యం అండతో మెక్సికోని ఏలిన మాక్సిమిలియన్ చక్రవర్తీ ఆయన భార్య కార్లోటా రాణీ ఇక్కడ కాపురమున్నారు. మూడేళ్లకే, 1867లో, ఆయన్ని కెరెతారో నగరంలో కాల్చి చంపారు. తర్వాత దేశాధ్యక్షుల నివాసమై, 1944 నుంచి జాతీయ చరిత్ర మ్యూజియంగా ఉంది.

లోపలికి వెళ్లగానే నేరుగా అల్కసార్ వైపు, అంటే రాజదంపతుల గదుల వైపు తీసుకెళ్లమనండి. ఆ గదుల్ని అడ్డుతాళ్ల బయటినుంచి వరసలో నడుస్తూ చూడాలి, 11 దాటితే ఆ వరస కదలదు. పై అంతస్తులో రంగుటద్దాల వసారా ఉంది. ఫ్లోరా, సెరెస్, డయానా, హెబె, పొమోనా అనే ఐదుగురు దేవతల బొమ్మల మీద పొద్దుటి వెలుగు పడితే ఎంతసేపైనా నిలబడిపోవచ్చు. ఆ తర్వాతే కుడ్యచిత్రాలు. హువాన్ ఓ గోర్మన్ వేసిన స్వాతంత్ర్య చిత్రాన్ని ఎడమనుంచి కుడికి చదవాలి: 1784 నుంచి 1814 దాకా కథ అలా నడుస్తుంది. సికేరోస్ చిత్రం ఒక హాలు హాలంతా చుట్టుకుని ఉంటుంది, మధ్యలో నిలబడి మెల్లగా తిరగండి. మొత్తం రెండు గంటలు చాలు.

దిగేటప్పుడు దారిలో జామ, మామిడి ముక్కలమీద నిమ్మరసం, కారం చల్లి అమ్ముతారు. మనవాళ్ల నాలుకకి కొత్తేం కాదు. శాకాహారులు భోజనం దగ్గర జాగ్రత్తపడాలి. స్పానిష్‌లో "సిన్ కార్నే" అంటే మాంసం వద్దని అర్థం, కానీ కోడిని అందులో లెక్కవేయనివాళ్లు చాలామంది. "సిన్ పోయో, సిన్ పెస్కాదో, సిన్ మాంతేకా" అని కూడా చెప్పండి: కోడి వద్దు, చేప వద్దు, మాంతేకా వద్దు. చివరిది పందికొవ్వు, చిక్కుడుగింజల కూరలో కనబడకుండా ఉంటుంది.

మ్యూజియం బయటున్న రాతి విగ్రహాన్ని దాటిపోకండి. వానదేవుడు త్లాలోక్ అంటారు, బరువు దాదాపు 168 టన్నులు. 1964 ఏప్రిల్‌లో కోఅత్లించాన్ ఊరినుంచి తెచ్చినప్పుడు, వానాకాలం కాకపోయినా, నగరంలో కుండపోత కురిసింది. లోపలి ముంగిట్లో ఒకే ఒక్క స్తంభం మీద నిలిచిన పెద్ద గొడుగు కప్పు కనిపిస్తుంది. ఈ భవనం పెద్రో రామిరెస్ వాస్కెస్ రూపకల్పన.

హాళ్లన్నీ ఆ ముంగిట్లోకే తెరుచుకుంటాయి. కాబట్టి ఒక హాల్లోంచి ఇంకోదాంట్లోకి కొనదాకా పోనక్కర్లేదు, బయటికొచ్చి కావలసిన హాలుకి అడ్డంగా వెళ్లొచ్చు. ఈ వరస పెట్టుకోండి: కుడివైపు తెయోతివాకాన్ అనే ప్రాచీన నగరం హాలు, చివర ఎదురుగా మెషీకా (అజ్టెక్‌లన్నా వీళ్లే), ఎడమవైపు తిరిగొస్తూ ప్రాచీన ఓల్మెక్ జాతి చెక్కిన పెద్ద రాతి తలలున్న గల్ఫ్ తీరం హాలు, ఆపైన మాయా జాతి హాలు. ఫ్లాషూ, మూడుకాళ్ల స్టాండూ కుదరవు.

మెషీకా హాలుకి గంట కేటాయించండి. 3.6 మీటర్ల వెడల్పు, 24 టన్నుల సూర్యశిల 1790లో నగర కూడలి నేల చదును చేస్తుంటే దొరికింది. 1885 దాకా పక్క చర్చి గోడకే ఆనించి ఉంచారు. నడిమి ముఖం చుట్టూ గడిచిపోయిన నాలుగు యుగాలు, వాటి చుట్టూ 20 రోజుల గుర్తులు, అంచున రెండు అగ్నిసర్పాలు: లోపలినుంచి బయటికి చదవాలి. మెషీకాలకి 260 రోజుల చక్రం ఒకటి, 365 రోజులది ఒకటి, రెండూ 52 ఏళ్లకోసారి కలుస్తాయి. ప్రభవ, విభవ అంటూ అరవై ఏళ్లు లెక్కపెట్టే మనకి ఈ పద్ధతి ఇట్టే అర్థమవుతుంది. అంతమాత్రాన నాలుగు యుగాలు మననుంచి వెళ్లాయనీ, మాయా అంటే మయుడేననీ ఎవరైనా చెబితే నమ్మొద్దు. పేరు పోలికే తప్ప సంబంధం లేదు. అతిథిని మెప్పించడానికి అలా అనే గైడుంటే మర్యాదగానే ఆపి, రాతిమీద ఏముందో చెప్పమనండి.

అదే ఏడాది దొరికిన కోఅత్లిక్వే అమ్మవారిని కూడా చూడండి. తల తెగినచోట రెండు పాములు ఎదురెదురుగా వచ్చి ముఖమవుతాయి. పాముల పావడా, చేతులూ గుండెకాయల హారం. విశ్వవిద్యాలయంలో పెడితే జనం పూలూ కొవ్వొత్తులూ తేవడం మొదలుపెట్టారని అప్పట్లో మళ్లీ పాతిపెట్టారు. అదే హాల్లో కనబడే ఈకల కిరీటం నకలు, అసలుది వియన్నాలో ఉంది.

మాయా హాల్లో మెట్లు దిగితే పకాల్ రాజు సమాధి నమూనా ఉంటుంది. అసలు సమాధి 1952లో పలెంకే అనే మాయా నగరంలో బయటపడింది. ఆయన పచ్చరాయి ముసుగుని 1985 క్రిస్మస్ తెల్లవారుజామున ఇక్కడినుంచే దొంగలెత్తుకుపోయారు, 1989లో తిరిగి దొరికింది. హాలు వెనక తోటలో బొనంపాక్ గుడి నమూనా ఉంది. చాలామంది తలుపు దాకా వచ్చి వెనక్కి తిరుగుతారు, మీరు బయటికి వెళ్లండి.

అలసిపోయినా పై అంతస్తుకి అరగంట మిగుల్చుకోండి. అక్కడ ఇప్పటి ఆదివాసుల ఇళ్లూ, మగ్గాలూ, మొక్కజొన్న నూరే రాళ్లూ ఉన్నాయి. మన వంటింటి మిరపా, మన గుమ్మానికి కట్టే బంతీ, పొలం గట్టు నాగజెముడూ మొదట పుట్టింది ఈ నేలమీదే. చనిపోయినవాళ్ల పండుగకి అక్కడ బంతిపూలు ఎలా వాడతారో గైడుని అడగండి. బయటికొచ్చాక మెట్రో కావాలంటే ఆదితోరియో స్టేషను నడక దూరంలో ఉంది.