ఎల్విస్ ప్రెస్లీ సినిమా పాటల సంకలనాన్ని ఎంచుకునే పద్ధతి

తెలుగు శ్రోతకు సినిమా పాట అన్న మాటలో విశేషమేదీ కనిపించదు, ఎందుకంటే మనకు పాట అంటే చాలావరకు సినిమా పాటే. ఘంటసాల పాటల క్యాసెట్ కొన్నవారు అది సినిమా పాటలదా, కాదా అని అడగవలసిన అవసరం సాధారణంగా రాలేదు. అమెరికన్ రాక్ అండ్ రోల్ గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ దగ్గరికి వచ్చేసరికి ఈ అలవాటు పనిచేయదు. ఆయన 1956 నుంచి 1969 వరకు 31 కథాచిత్రాల్లో నటించారు, తన పాటలు తానే పాడుకున్నారు. అయినా రాక్ అండ్ రోల్ అభిమానులు ఆ సినిమా పాటలను ఆయన మిగిలిన పాటల నుంచి వేరుచేసి, ఒక మెట్టు కిందే ఉంచుతారు. ఆ తీర్పు 1960ల నడిమి చిత్రాలకు సరిపోతుంది కానీ మొదటి చిత్రాలకు ఏమాత్రం సరిపోదు. అందువల్ల ఆయన సినిమా పాటల సంకలనం ఏదైనా చేతికి వచ్చినప్పుడు పాటల సంఖ్యను, అట్ట మీది బొమ్మను పక్కన పెట్టి, ఏ పాట ఏ సంవత్సరానిదో ముందుగా చూడాలి.

పాటల పట్టికను ఎదురుగా పెట్టుకొని, 1958 మార్చిలో ఆయన సైన్యంలో చేరక ముందు నటించిన నాలుగు చిత్రాల పాటలు ఎన్ని ఉన్నాయో మొదట లెక్కించండి. 'లవ్ మీ టెండర్' (1956), 'లవింగ్ యు' (1957), 'జైల్‌హౌస్ రాక్' (1957), 'కింగ్ క్రియోల్' (1958) అనేవి ఆ నాలుగు. మొదటి చిత్రానికి ముందు అనుకున్న పేరు వేరు. పాటకు వచ్చిన ఆదరణ చూసి చిత్రానికి పాట పేరే పెట్టారు. ఆ పాట వరుస అమెరికా అంతర్యుద్ధ కాలంలో ప్రచారంలో ఉన్న 'ఆరా లీ' అనే పాటది. 'జైల్‌హౌస్ రాక్' పాటలలో ఎక్కువ భాగం జెర్రీ లీబర్, మైక్ స్టోలర్ జంట రాసినవి. న్యూ ఆర్లీన్స్ నేపథ్యంగా తీసిన 'కింగ్ క్రియోల్'లో ఇత్తడి వాద్యాలు గిటారుతో పోటీపడతాయి, 'ట్రబుల్' పాటలో గొంతు బెదిరింపుగా పలుకుతుంది. సినిమా పాటలన్నీ చప్పగా ఉంటాయనేవారికి ఈ ఒక్క పాట వినిపిస్తే చాలు. ఈ నాలుగు చిత్రాల నుంచి కనీసం అయిదారు పాటలైనా లేని సంకలనాన్ని తొలి పరిచయంగా తీసుకోవద్దని నా సలహా.

రెండవ మెట్టు 1960 నుంచి 1962 వరకు. సైన్యం నుంచి తిరిగి వచ్చాక తీసిన 'జి.ఐ. బ్లూస్' (1960)లోని 'వుడెన్ హార్ట్' ఒక జర్మన్ జానపద గీతం ఆధారంగా కట్టినది, అది 1961లో బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. 'బ్లూ హవాయి' (1961) ఆల్బమ్ అమెరికాలోని బిల్‌బోర్డ్ పత్రిక పట్టికలో 20 వారాల పాటు మొదటి స్థానంలో నిలిచింది. అందులోని 'కాంట్ హెల్ప్ ఫాలింగ్ ఇన్ లవ్' వరుసకు మూలం పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రెంచ్ ప్రేమగీతం 'ప్లేజిర్ దామూర్'. 'గర్ల్స్! గర్ల్స్! గర్ల్స్!' (1962) నుంచి 'రిటర్న్ టు సెండర్' ఉండి తీరాలి. ఇక్కడి ఎల్విస్ 1957 నాటి కుర్రవాడు కాడు, గొంతు నిండింది, దూకుడు తగ్గింది. ఇష్టానిష్టాలు మీవే కానీ ఈ మార్పు వినిపించేటట్లు పాటలను సంవత్సరాల వరుసలో పేర్చిన సంకలనం, ముందూ వెనుకా కలిపేసిన సంకలనం కంటే ఎప్పుడూ మేలు.

తర్వాత చూడవలసినది ఎల్.పి.లలో (పూర్తి నిడివి రికార్డులలో) చేరకుండా విడిపోయిన పాటలు, నా దృష్టిలో సంకలనం అసలు విలువ ఇక్కడే తేలుతుంది. అన్ని చిత్రాలకూ పూర్తి ఆల్బమ్‌లు రాలేదు. 'ఫాలో దట్ డ్రీమ్', 'కిడ్ గలహాడ్' చిత్రాల పాటలు 1962లో చిన్న ఈ.పి. రికార్డులుగా మాత్రమే వచ్చాయి. 'వివా లాస్ వేగాస్' (1964) సంగతి మరీ విచిత్రం: దాని ఈ.పి.లో నాలుగు పాటలున్నాయి, శీర్షిక గీతం మాత్రం లేదు, అది విడిగా సింగిల్‌గా వచ్చింది. అదే చిత్రంలో కథానాయిక ఆన్-మార్గ్రెట్‌తో కలిసి పాడిన 'ది లేడీ లవ్స్ మి' ఆయన బతికి ఉండగా రికార్డుగా రానేలేదు, 1983లో గానీ వెలువడలేదు. ఇటువంటి పాటలను ఒకచోట చేర్చిన సంకలనానికి, అందరి ఇళ్లలోనూ ఉన్న హిట్లను మళ్లీ అమ్మే సంకలనానికి తేడా పట్టిక చదివితేనే తెలుస్తుంది. 1995లో ఎల్విస్ రికార్డుల సంస్థ ఆర్.సి.ఎ. రెండు సి.డి.లుగా తెచ్చిన 'కమాండ్ పెర్ఫార్మెన్సెస్' అరవైల సినిమా పాటలకు నమ్మదగిన సంపుటి. యాభైల పాటలు అందులో ఉండవు కనుక వాటిని వేరుగా సమకూర్చుకోవాలి. ఒక్కొక్క చిత్రాన్నీ ఆసాంతం వినాలనుకునేవారికి 1993 నుంచి వచ్చిన 'డబుల్ ఫీచర్స్' సి.డి.లు అనువుగా ఉంటాయి.

సినిమా పాట అని అట్ట మీద రాసినంత మాత్రాన అది సినిమాలో ఉందని నమ్మకూడదు. ఆ రోజుల్లో సౌండ్‌ట్రాక్ ఆల్బమ్‌కు చిత్రంలోని పాటలు చాలకపోతే, సంబంధం లేని స్టూడియో పాటలను అదనంగా చేర్చేవారు. 'స్పినౌట్' (1966) ఆల్బమ్‌లో బాబ్ డిలన్ రాసిన 'టుమారో ఈజ్ ఎ లాంగ్ టైమ్' అలా చేరినదే, అయిదు నిమిషాలు దాటిన ఆ పాట తన చుట్టూ ఉన్న రెండేసి నిమిషాల సినిమా పాటలను వెలవెలపోయేలా చేస్తుంది. 'క్లామ్‌బేక్' (1967)లోకి 'గిటార్ మ్యాన్', 'బిగ్ బాస్ మ్యాన్' అదే దారిన వచ్చాయి. 1972లో చవక ధర క్యామ్‌డెన్ లేబుల్ మీద వచ్చిన 'ఎల్విస్ సింగ్స్ హిట్స్ ఫ్రమ్ హిజ్ మూవీస్, వాల్యూమ్ 1'లో ఉన్నవి పదే పాటలు. వాటిలో ఈ రెండూ ఉన్నాయి, అంటే పేరుకు తగని పాటలే పట్టికలో బాగున్న పాటలయ్యాయి. అదే రికార్డులో 'ఓల్డ్ మెక్‌డొనాల్డ్' కూడా ఉంది. మన ఎల్.కె.జి. పిల్లలు కోడి కూతలు, ఆవు అరుపులతో పాడుకునే పాటే అది. 'డబుల్ ట్రబుల్' (1967) కోసం రాక్ అండ్ రోల్ రాజు చేత దాన్ని పాడించారంటే, ఆ దశకం నడుమ పాటల ఎంపిక ఎంతకు దిగిందో వేరే చెప్పనక్కరలేదు. ఎల్విస్ చిత్రాలకు పాటలిచ్చే రచయితలు రాబడిలో కొంత వాటాను ఆయనకు చెందిన ప్రచురణ సంస్థలకు వదులుకోవలసి వచ్చేది కనుక, మంచి పాటలు ఆ గుమ్మం దాకా రావడమే తగ్గిపోయింది. 1963-67 నడుమ చిత్రాల నుంచి 'బొసనోవా బేబీ', 'వివా లాస్ వేగాస్' వంటి కొన్నింటిని ఏరుకుంటే సరిపోతుంది.

ఏ రికార్డింగ్‌ను వాడారో చూడటం ఇక మిగిలిన పని. 'ఎ లిటిల్ లెస్ కాన్వర్జేషన్' 2002లో రీమిక్స్‌గా బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరిన సంగతి చాలామందికి గుర్తుండవచ్చు. ఆ రీమిక్స్‌కు ఆధారం 1968 జూన్‌లో టెలివిజన్ కార్యక్రమం కోసం మళ్లీ పాడిన రికార్డింగ్. 'లివ్ ఎ లిటిల్, లవ్ ఎ లిటిల్' చిత్రంలోది అదే సంవత్సరం మార్చిలో పాడినది. సినిమా పాటల సంకలనంలో మార్చి నాటిదే ఉండాలి, రీమిక్స్ ఉంటే ఆ సంకలనకర్త పని తేలికగా కానిచ్చాడని అనుకోవచ్చు. పాత ఎల్.పి.లు కొనేవారు మరొక మాట గమనించాలి. యాభైల చిత్రాల పాటలు మోనోలో, అంటే ఒకే ధ్వనిమార్గంలో, విడుదలైనవి. అరవైలలో వాటిని కృత్రిమంగా స్టీరియో చేసి మళ్లీ అమ్మారు. అట్ట మీద 'ఎలక్ట్రానికల్లీ రీప్రాసెస్డ్' అని కనిపిస్తే, దాన్ని వదిలి మోనో ప్రతిని వెతకడమే మంచిది, ఎందుకంటే ఆ కృత్రిమ ప్రతిలో గొంతు చుట్టూ లేనిపోని ప్రతిధ్వని చేరుతుంది.

బజారులో దొరికినవేవీ నచ్చకపోతే, ఈ కొలతలతోనే ఫోనులో సొంత పట్టికను తయారు చేసుకోవచ్చు. 'లవ్ మీ టెండర్'తో మొదలుపెట్టి, సంవత్సరాల వరుస చెడకుండా, ఇరవై అయిదు పాటలు దాటకుండా పేర్చండి. దాదాపు గంటలో పూర్తవుతుంది. చివరి పాటగా ఆయన ఆఖరి కథాచిత్రం 'చేంజ్ ఆఫ్ హ్యాబిట్' (1969) నుంచి 'రబ్బర్‌నెకిన్' ఉంచండి. అది హాలీవుడ్ స్టూడియోలో పాడినది కాదు. 1969 జనవరిలో మెంఫిస్‌లోని అమెరికన్ సౌండ్ స్టూడియోలో పాడిన పాటను ఆ చిత్రంలో వాడుకున్నారు, అందుకే అందులో పాత హుషారు మళ్లీ వినిపిస్తుంది.