కుండీలో తడి ఉంది, అయినా నారు మొక్క వాడిపోతోంది: ఎక్కడ చూడాలి?

కిటికీ దగ్గర పెట్టిన చిన్న మొక్క తల వాల్చేస్తే ఎవరి చెయ్యైనా నీళ్ల చెంబు మీదికే పోతుంది. దయచేసి ఒక్క నిమిషం ఆగండి. నా దగ్గరికి వచ్చిన వాడిన మొక్కల్లో చాలావాటికి జబ్బేమీ లేదు. కుండీ లోపల ఏముందో చూడకుండా నీళ్లు పోశారు, లేదా చూడకుండానే ఆపేశారు.

ముందు కుండీని చేత్తో ఎత్తండి. చెప్పీ చెప్పీ అలసిపోయాను గానీ, ఈ ఒక్క పని చేసేవాళ్లు ఇప్పటికీ తక్కువే. నిండుగా నీళ్లు తాగి, అడుగు నుంచి కారడం ఆగాక కుండీ ఎంత బరువుందో ఒకసారి చేతికి తెలిస్తే, ఆ తర్వాత ఏ రోజైనా ఎత్తగానే సంగతి తెలిసిపోతుంది. ఎత్తిన చేత్తోనే అడుగు చూడండి. చిల్లు ఉందా? ఉంటే మట్టితో గానీ వేళ్లతో గానీ మూసుకుపోయిందా? కింద పళ్లెంలో నిన్నటి నీళ్లు అలాగే ఉన్నాయా?

రెండో సంగతి, పొద్దున్నే ఎండ తగలకముందు మొక్కను చూడండి. మధ్యాహ్నం వాలి సాయంత్రానికి లేచే మొక్కకు ఎండ ఎక్కువైంది, అంతే. కాస్త వెనక్కి జరిపితే సరిపోతుంది. తెల్లారేసరికి కూడా లేవకపోతే మాత్రం సమస్య వేళ్ల దగ్గర ఉంది.

కుండీ తేలిగ్గా ఉండి ఆకులు వాలితే

దాహం. నీళ్లు పోయండి. చెంచాడు పోసి ఊరుకోకుండా అడుగు చిల్లులోంచి కారేదాకా నిదానంగా పోసి, పళ్లెంలో చేరినవి పారబోయండి. గంటా రెండు గంటల్లో ఆకులు లేస్తాయి. లేవకపోతే కింద ‘పైన తడి, లోపల ఎండు’ అన్న భాగానికి వెళ్లండి.

కుండీ బరువుగా ఉండి, కింది ఆకులు పసుపెక్కితే

నీళ్లు ఎక్కువయ్యాయి. వేళ్లకు నీళ్లతో పాటు గాలీ కావాలి. మట్టిలోని సందులన్నీ నీళ్లతో నిండితే వేళ్లకు ఆక్సిజన్ అందదు. అందని వేళ్లు నీళ్లు పీల్చలేవు. అందుకే నీళ్లలో నానుతున్న మొక్క, నీళ్లు లేని మొక్క అచ్చం ఒకేలా వాడతాయి. పోయడం ఆపండి. కుండీని అరగంట పక్కకు వంచి ఉంచితే అడుగున నిలిచిన నీళ్లలో కొంత దిగుతుంది. మట్టి నుంచి కుళ్లు వాసన వస్తుంటే మొక్కను బయటికి తియ్యండి. తెల్లగా గట్టిగా ఉన్నవి బతికిన వేళ్లు. ముదురు గోధుమ రంగులో, వేలితో పట్టుకుంటే పైపొర ఊడి వచ్చేవి చచ్చినవి. వాటిని కత్తిరించి కొత్త మట్టిలో, చిన్న కుండీలో నాటండి. నీళ్లు దిగడానికని అడుగున గులకరాళ్లు వేసే అలవాటుంటే మానుకోండి. నీళ్లు రాళ్లలోకి దిగకుండా రాళ్ల పైనున్న మట్టిలోనే నిలుస్తాయి, తడి మట్టి ఇంకాస్త పైకి, వేళ్ల దగ్గరికి వస్తుంది.

పైన తడి, లోపల ఎండు

నన్ను బాగా దెబ్బతీసింది ఇది. ఆరు మిరప మొక్కలు నాటాను. ప్రోట్రేలో, అంటే నారు పెంచే గుంటల ప్లాస్టిక్ ట్రేలో, ఏపుగా పెరిగిన నారే. నాటిన వారానికి ఆకులు వేలాడాయి. వేలు పెట్టి చూస్తే మట్టి చల్లగా, తడిగా ఉంది. నీళ్లెక్కువై వేళ్లు కుళ్లుతున్నాయనుకుని పోయడం మానేశాను. ఇంకా వాడాయి. రెండు చచ్చిపోయాక మూడోదాన్ని కుండీలోంచి తీశాను. బయటి మట్టి నల్లగా, చేతికి అంటుకునేంత తడిగా ఉంది. అది విదిలిస్తే మధ్యలో ప్రోట్రే గుంట ఆకారంలోనే, నారుతో పాటు ట్రేలోంచి వచ్చిన ముద్ద బయటపడింది, లేత గోధుమ రంగులో, అట్టముక్కలా తేలిగ్గా. విరిస్తే లోపలి నుంచి పొడి రాలింది. తెల్లటి వేళ్లన్నీ ఆ ముద్ద చుట్టూనే తిరుగుతున్నాయి. ఒక్కటి కూడా బయటి తడి మట్టిలోకి అడుగు పెట్టలేదు. చుట్టూ నీళ్లుండగా ఆ మొక్క దాహంతో చచ్చిపోతోంది, నేనేమో దానికి నీళ్లు మాన్పించాను.

ఇది ఎందుకు జరుగుతుందంటే, ట్రేలో వేసే కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), పీట్ (చిత్తడి నేలల్లో సగం కుళ్లి పేరుకున్న నాచు) గుల్లగా ఉంటాయి, సందులు పెద్దవి. మనం కుండీలో నింపే మట్టి సన్నగా ఉంటుంది. సన్నటి సందులు తడిని గట్టిగా పట్టుకుంటాయి కాబట్టి చుట్టూ ఉన్న మట్టి ముద్దలోని నీటిని తనవైపు లాగేస్తుంది. మిగిలింది వేళ్లు తాగేస్తాయి. అలా ముద్ద ఒక్కటే ముందు ఎండుతుంది. ఎండిన ముద్ద కుంచించుకుపోయి చుట్టూ వెంట్రుకవాసి సందు ఏర్పడుతుంది. ఇక ఎన్ని నీళ్లు పోసినా ఆ సందులోంచి జారి అడుగు చిల్లులోంచి బయటికి వచ్చేస్తాయి. కారాయి కదా, నిండుగా తాగిందని మనం అనుకుంటాం. పీట్ అయితే ఇంకా మొండిది, పూర్తిగా ఎండాక నీళ్లను లోపలికి రానివ్వదు, చుక్క దాని మీద ముత్యంలా నిలబడి దొర్లిపోతుంది. కోకోపీట్ అంత మొండికెయ్యదు, కాస్త ఓపిగ్గా నానబెడితే వింటుంది.

కనిపెట్టడం సులువు. సన్నటి వెదురు పుల్లలు రెండు తీసుకోండి. ఒకటి కాండానికి సెంటీమీటరు దూరంలో, ఒకటి కుండీ అంచు దగ్గర దించి, ఐదు నిమిషాలాగి తియ్యండి. అంచు పుల్ల తడిసి మట్టి అంటుకుని, కాండం దగ్గరి పుల్ల పొడిగా వస్తే దొంగ దొరికినట్టే. వేలు పెట్టి చూస్తే ఇది తెలియదు. మనం మొక్క వేళ్లకు దెబ్బ తగులుతుందని కాండానికి దూరంగా, తడి ఉన్న చోటే వేలు పెడతాం.

ముద్దను తడపడానికి పైనుంచి పోస్తే లాభం లేదు. వెడల్పాటి గిన్నెలో మామూలు చల్లదనం ఉన్న నీళ్లు పోసి, కుండీ సగం ఎత్తు మునిగేలా ఇరవై ముప్పై నిమిషాలు ఉంచండి. పై మట్టి దానంతటదే నల్లబడితే తడి పైదాకా ఎక్కినట్టు. తీసి పావుగంట నీళ్లు కారనివ్వండి. మళ్లీ పుల్ల పెట్టి చూస్తే ఇంకా పొడిగానే ఉందనుకోండి, మొక్కను తీసి ఆ ముద్దనే నేరుగా నీళ్లలో ఉంచండి. బుడగలు వస్తాయి. బుడగలు ఆగేదాకా ఉంచి, తీసి నాటండి. ఆ తర్వాత వారం పది రోజులు నీళ్లు కాండం పక్కనే, సన్నటి ధారగా, కొంచెం కొంచెం పోయాలి. వేళ్లు ఇంకా అక్కడే ఉన్నాయి, అంచున పోసింది వాటికి అందదు.

పీట్ కప్పుల్లో పెంచిన నారు కప్పుతో సహా నాటితే ఇదే తంతు. కప్పు అంచు మట్టి పైకి కనిపిస్తుంటే ఒత్తిలా తడిని లాగి గాలికి వదిలేస్తుంది. అంచును చింపేయండి, లేదా పూర్తిగా మట్టిలో కప్పేయండి.

మళ్లీ నాటేటప్పుడు

వేళ్లు కుళ్లని మొక్కకైతే కొత్త కుండీ పాతదానికంటే చుట్టూ రెండు మూడు సెంటీమీటర్లు పెద్దదైతే చాలు. పెద్ద కుండీలో చిటికెడు మొక్క పెడితే వేళ్లు లేని మట్టి రోజుల తరబడి తడిగా ఉండిపోతుంది. నాటే ముందు గంట సేపు మొక్కకు నీళ్లు తాగించండి. ఎండు ముద్దను ఎప్పుడూ నాటకండి. కొత్త మట్టిని కూడా పిడికిట్లో పిసికితే ముద్దయ్యేలా, చుక్క మాత్రం కారకుండా తడిపి పెట్టుకోండి. ముద్ద పక్కలను వేలితో మెల్లగా వదులు చేసి, చుట్టూ తిరిగిన వేళ్ల కొసలు బయటికి చూసేలా సర్దండి. ముద్దలో ఉన్న రకం మిశ్రమాన్నే చుట్టూ కాస్త కలిపితే ఆ తడి లాగుడు తగ్గుతుంది.

పట్టుకునేటప్పుడు ఆకును పట్టుకోండి, కాండాన్ని కాదు. ఆకు నలిగితే ఇంకోటి వస్తుంది, కాండం నలిగితే మొక్కే పోతుంది. టమాటాను కింది ఆకులు తీసేసి లోతుగా నాటొచ్చు, మట్టిలో పడిన కాండం నుంచి కూడా వేళ్లు వస్తాయి. మిగతావాటిని ముందున్న లోతులోనే పెట్టండి. మట్టిని అదిమి గట్టి చెయ్యొద్దు, నీళ్లు పోస్తే అదే సర్దుకుంటుంది. మూడు నాలుగు రోజులు నేరుగా ఎండ తగలని వెలుతురులో ఉంచండి. ఎరువు ఇప్పుడు అస్సలు వద్దు. దెబ్బతిన్న వేళ్లకు అది మంటే.

మిగిలినవి త్వరగా

మొక్క పీలగా, పొడుగ్గా సాగి ఒరిగితే వెలుతురు చాలడం లేదు, నీళ్లతో పని లేదు. మట్టి దగ్గర కాండం దారంలా సన్నబడి మొక్క పడిపోతే అది నారుకుళ్లు, శిలీంధ్రాల పని. ఆ మొక్క బతకదు, తీసేసి మిగతావాటికి నీళ్లు తగ్గించి గాలి ఆడనివ్వండి. మట్టి మీద తెల్లటి పొర కడితే లవణాలు పేరుకున్నాయి, రెండు మూడు సార్లు నిండుగా నీళ్లు పోసి కారనివ్వండి. సన్నటి నల్ల ఈగలు ఎగురుతుంటే పై మట్టిని ఆరనివ్వండి.

తేరుకుంటున్న మొక్కలో పాత ఆకులు ఒకటి రెండు పసుపెక్కి రాలొచ్చు, కంగారు పడి మళ్లీ పీకి చూడకండి. నడిమి మొగ్గను చూస్తూ ఉండండి. అక్కడ బియ్యపు గింజంత కొత్త ఆకు విచ్చుకుంటే వేళ్లు బయటి మట్టిని పట్టుకుంటున్నాయి. అప్పటినుంచి నీళ్లు కాండం పక్కనే కాకుండా కుండీ అంతటా పోయడం మొదలుపెట్టండి.