నవల నుంచి కుట్రల క్యాంపెయిన్ ఎలా తయారుచేసుకోవాలి

దెయ్యాలు, రహస్య సంఘాలు, ఎవరో దాచేసిన ఫైళ్ళు, ఇలాంటి టేబుల్‌టాప్ క్యాంపెయిన్ (బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక పాత్రగా కథని ఆడే ఆటలో, చాలా సెషన్ల పాటు సాగే ఒకే కథ) నడపాలనుకుంటే రూల్‌బుక్ కంటే ముందు ఒక మంచి నవల చదవండి. కథ మాత్రం ఎత్తుకురావద్దు, ప్లేయర్లలో ఎవరో ఒకరు అది చదివే ఉంటారు, చదవకపోయినా రచయిత వేసిన దారిలో మీవాళ్ళు నడవరు. రహస్యం ఎలా దాచారు, ఎవరికి ఎంత తెలుసు, ఎలా బయటపడింది, అది పట్టుకోండి చాలు.

నా దృష్టిలో దీనికి బెస్ట్ టిమ్ పవర్స్ రాసిన 'డిక్లేర్'. కోల్డ్ వార్ గూఢచారులు, జిన్నులు, అరారత్ పర్వతం, మధ్యలో కిమ్ ఫిల్బీ. ఈ ఫిల్బీ నిజం మనిషే, బ్రిటిష్ ఇంటెలిజెన్స్‌లో ఉంటూ సోవియట్లకి పనిచేసి 1963లో బీరూట్ నుంచి మాయమైపోయాడు. పవర్స్ రికార్డుల్లో ఉన్న సంఘటనల్నీ తేదీల్నీ మార్చడు, అవి ఎందుకు జరిగాయో ఆ కారణం ఒక్కటే కల్పిస్తాడు. మీరూ అదే చెయ్యండి: ఒక నిజమైన సంఘటన తీసుకుని తేదీలు, మనుషులు, చోట్లు వరసగా రాసుకోండి, ఎవరికీ సరైన వివరణ దొరకని ఖాళీ ఎక్కడో ఒకచోట కనిపిస్తుంది, మీ అతీంద్రియ శక్తిని అక్కడ కూర్చోబెట్టండి. ఆట మధ్యలో ఎవరైనా ఫోన్‌లో వెతికి "అరే, ఇది నిజంగానే జరిగిందిరా" అన్నారంటే ఆ భయం ఏ రాక్షసుడితోనూ రాదు.

క్లూలకి 1897 నాటి 'డ్రాక్యులా' చూడండి. నవలంతా డైరీలు, ఉత్తరాలు, టెలిగ్రాములు, పేపర్ కటింగులే. ఒక్కొక్కరి దగ్గర ఒక్కో ముక్క ఉంటుంది, మీనా అనే పాత్ర అన్నీ టైప్ చేసి వరసలో పెట్టాకే శత్రువు రూపం తెలుస్తుంది. హ్యాండౌట్లు (ప్లేయర్ల చేతికిచ్చే క్లూ కాగితాలు) అలాగే వేర్వేరు ప్లేయర్లకి పంచండి, కలిపి చదువుకోవడం వాళ్ళ పని. ముఖ్యమైన విషయం మాత్రం కనీసం మూడు చోట్ల దొరికేలా పెట్టండి, డైస్ సరిగ్గా పడలేదని కథ ఆగిపోకూడదు.

ఉంబెర్తో ఎకో 'ఫూకోస్ పెండ్యులమ్' (1988) లో ముగ్గురు ప్రచురణ ఉద్యోగులు సరదాకి ఒక పెద్ద కుట్ర అల్లుతారు, తర్వాత దాన్ని నమ్మినవాళ్ళు వీళ్ళ వెంటే పడతారు. ఇది బంగారం లాంటి ఐడియా! ప్లేయర్లు బ్రేక్‌లో చెప్పుకునే పిచ్చి థియరీలన్నీ రాసిపెట్టుకోండి, కొన్ని సెషన్ల తర్వాత అందులో ఒకదాన్ని నమ్మే సంఘం ఒకటి ఎదురుపడేలా చెయ్యండి.

థామస్ పించన్ రాసిన 'ది క్రైయింగ్ ఆఫ్ లాట్ 49' (1966) నవలలో కుట్ర ఉందో లేదో చివరిదాకా తేలదు. పుస్తకంగా అద్భుతం, కానీ నెలల తరబడి ఆడినవాళ్ళకి ఏదో ఒక జవాబు దక్కాలి, అందుకే చిన్న రహస్యాలు పూర్తిగా విప్పేసి పెద్దదొక్కటే సగం తెరిచి ఉంచండి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను. బయట తిరిగే కుట్ర సిద్ధాంతాలు చాలావరకు నిజమైన మనుషుల మీద ద్వేషంతో పుట్టినవే, 1903లో రష్యాలో అచ్చయిన 'ప్రోటోకాల్స్ ఆఫ్ ది ఎల్డర్స్ ఆఫ్ జయాన్' అనే రచన యూదుల మీద అల్లిన పచ్చి అబద్ధం, ఎంతమంది ప్రాణాల మీదికి తెచ్చిందో. మీ కుట్రదారులు ఒక మతమో జాతో కాకుండా ఒక సంస్థో, ఒక కుటుంబమో, ఒక ఆఫీసో అయ్యుండాలి. మొదటి సెషన్‌కి ముందే ఎవరికి ఏ విషయాలు ఇబ్బందో అడిగి తెలుసుకుని అప్పుడు మొదటి హ్యాండౌట్ రాయండి.