అభ్యర్థి ఖర్చు లెక్క మనమే చూసుకుందాం

మొన్నటి ఎన్నికల్లో మా వీధి చివర సభ పెట్టారు. నా టైలరింగ్ షాపు మెట్ల మీద కూర్చుని కుర్చీలు లెక్కపెట్టాను: వరుసకు ఇరవై చొప్పున పద్దెనిమిది వరుసలు. మీరూ అలాగే మొదలుపెట్టండి. తేదీ, చోటు, షామియానా, ఆటోలు, బిర్యానీ పొట్లాలు అన్నీ నోటుబుక్కులో ఆ రోజే రాసుకోండి. రేపు రాద్దాంలే అనుకుంటే సగం మర్చిపోతాం.

మన రెండు రాష్ట్రాల్లో అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు 40 లక్షలు, ఎంపీ అభ్యర్థి ఖర్చు 95 లక్షలు దాటకూడదు. పార్టీ పెట్టే ఖర్చుకు మాత్రం పరిమితే లేదు. నాకు ఒళ్లు మండేది అక్కడే. ఆ చట్టం మారాలి.

డబ్బు పంచుతుంటే, ఫిర్యాదుల కోసం ఎన్నికల సంఘం పెట్టిన సీవిజిల్ యాప్‌లోనే ఫొటో తీసి పంపండి. ఫోన్‌లో ముందే ఉన్న ఫొటో పనికిరాదు. పేరు చెప్పక్కర్లేదు.

ఫలితాలొచ్చిన 30 రోజుల్లో అభ్యర్థి తన లెక్క జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి. రూపాయి రుసుము కడితే ఎవరైనా దాన్ని చూడొచ్చు. నేను వెళ్తే "నీకెందుకమ్మా ఇవన్నీ?" అన్నారు. వాదన పెట్టుకోలేదు. 1961 ఎన్నికల నిర్వహణ నియమాల్లో 88వ నియమం అని రాసిన దరఖాస్తు చేతికిచ్చి, తీసుకున్నట్టు సంతకం అడిగాను. మీరూ రెండు కాపీలు పట్టుకెళ్లండి. లెక్క చేతికొచ్చాక ముందు మీ వీధి సభ తేదీ వెతకండి, అక్కడ ఎన్ని కుర్చీలు రాశారో చూడండి.